డోర్ నంబరు లేని వీధి

నేను రాసిన ఒక కమాండు కొడితే సాఫ్ట్‌వేరు మొత్తం టపీమని మూసుకుపోయేది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆ తప్పు సాఫ్ట్‌వేరు మీదే నెట్టాను. రిటైరయ్యాక ఇంకా అబద్ధమాడి ఏం బావుకుంటాను? తప్పు నాదే. ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న మీకు ఈ సంగతి చెప్పాలని చాన్నాళ్ళుగా అనుకుంటున్నాను. అయితే ఇందులో నా గొప్ప ఏమీ లేదు. మా ఆఫీసులో కాంట్రాక్టు మీద డేటా ఎంట్రీ చేసిన ఒకావిడ గొప్ప ఉంది. ముప్పై ఏళ్ళ సర్వీసులో అంత గట్టి మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

అప్పటికే అందరి చేతుల్లోకీ స్మార్ట్‌ఫోన్లు వచ్చేశాయి. మా ఆఫీసులో మాత్రం ఇంకా పాత డేటాబేసే. చిన్న కిటికీ లాంటి గడిలో కమాండు కొట్టి ఎంటర్ నొక్కితే పని జరుగుతుంది, లేకపోతే లేదు. మీరు చూస్తే నవ్వుతారు. నవ్వండి గానీ, దాని లోతు మొత్తం తెలిసినవాడు రాజమండ్రిలో నేనొక్కణ్ణే అని నాకు పెద్ద పొగరు ఉండేది.

ఉప్పాడ దాటి తీరం వెంట వెళ్తే వచ్చే ఊళ్ళలో ఒక ఊరిని సముద్రం ఏటా కొంచెం కొంచెంగా మింగేస్తోంది. ఊరి పేరు చెప్పను. ఇళ్ళు పోయినవాళ్ళకీ, రేపో మాపో పోబోయేవాళ్ళకీ లోపలికి, మెరక మీద ఇళ్ళ స్థలాలు ఇవ్వాలని నిర్ణయమైంది. జాబితా తయారుచేసే పని మాకు పడింది. ఆ దగ్గర్లోనే రెండు గదుల క్యాంపు ఆఫీసు ఒకటి పెట్టారు. అక్కడ ఒక సూపరింటెండెంటు గారు, ఒక ఆపరేటరు. ప్రోగ్రాము రాసింది నేను, రాజమండ్రిలో కూర్చుని.

జాబితా డోర్ నంబర్ల వరసలో రావాలన్నారు. మన డోర్ నంబర్లు ఎలా ఉంటాయో మీకు తెలుసుగా, మూడు గీత నలభై ఏడు, మూడు గీత నలభై ఏడు బై ఒకటి. ఊరికే వరసలో పెట్టమంటే పదో ఇల్లు ముందొచ్చి తొమ్మిదో ఇల్లు వెనక్కి పోతుంది. అందుకని గీతకి ముందున్నది వేరు చేసి, వెనకున్నది వేరు చేసి, రికార్డులన్నిటినీ సరైన వరసలో పెట్టేలా ఒక కమాండు రాశాను. రాసిన రోజు నా భుజం నేనే తట్టుకున్నాను. గీతే లేకపోతే ఏమవుతుందో ఆలోచించలేదు.

గ్రామసభ ఎల్లుండి అనగా సూపరింటెండెంటు గారి దగ్గర్నుంచి ఫోను. ఆయనది మండపేట. రైసు మిల్లుల మధ్య పుట్టి పెరిగిన మనిషి కాబట్టి ప్రపంచంలో ఏ సంగతికైనా ఆయన దగ్గర ఒక మిల్లు పోలిక ఉండేది.

"ఏంటండి బాబూ మీ ప్రోగ్రాము! కమాండు కొట్టగానే పడిపోతోందండి. ఎర్రరు అని కూడా చెప్పట్లేదు. బెల్టు తెగిన మిల్లులా గప్‌చుప్‌గా ఆగిపోతోంది. ఎల్లుండి జాబితా మైకులో చదవాలండి. నా పరువు మీ చేతిలో ఉంది."

మామూలు తప్పయితే సాఫ్ట్‌వేరు ఒక మెసేజీ చూపించి ఊరుకుంటుంది. ఇది అలా కాదు. తెరిచినవన్నీ తనే మూసేసుకుని, మనల్ని బయటికి గెంటేసి, ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వెళ్ళాను.

ఆపరేటరు గారు రోజూ రామచంద్రపురం నుంచి రెండు బస్సులు మారి వచ్చేవారు. అక్కడి లూథరన్ చర్చిలో ఆదివారాలు పిల్లలకి పాఠాలు చెబుతారని మేమంతా టీచరు గారూ అనే పిలిచేవాళ్ళం. నలభై ఏళ్ళుంటాయేమో. మాట మెత్తన, పని మాత్రం రాయి. ఫారంలో లేనిది టైపు చేసేవారు కాదు, ఉన్నది వదిలేవారు కాదు. ఒకసారి ఏదో ఫారం వానకి తడిసి వేలిముద్ర చెరిగిపోతే, ఆ మనిషిని వెతుక్కుంటూ తన డబ్బులతో ఆటో కట్టించుకుని వెళ్ళి, మళ్ళీ వేయించుకొచ్చారట. ఇంత చాదస్తం ఏంటని అప్పట్లో నాకు నవ్వొచ్చింది.

ఆవిడ కుర్చీ నాకిచ్చి పక్కన నిలబడ్డారు. రికార్డులు తెరిచి కిందిదాకా చూశాను. ఆరు వందల పైచిలుకు. అందులో ఇరవై మూడు రికార్డుల్లో డోర్ నంబరు గడి ఖాళీ. దొంగ దొరికేశాడు! గీత లేని చోట గీతని వెతకబోయి నా కమాండు బోర్లా పడుతోందన్నమాట.

"ఇవి ఖాళీగా ఉన్నాయేంటి టీచరు గారూ?" అన్నాను, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే.

"అవండీ..." అని ఆవిడ ఏదో మొదలెట్టారు.

"అబ్బ, ఖాళీవైతే తీసి అవతల పారేయండి బాబూ," అన్నారు సూపరింటెండెంటు గారు వెనకనుంచి. "బియ్యంలో నూకలండి అవి. జల్లించేస్తే సరి."

నేను తీసెయ్యలేదు. రికార్డు తీసెయ్యడం నా పద్ధతి కాదు. ఖాళీగా ఉన్నవాటిని పక్కన పెట్టి మిగతావి చూడు అని ఒక్క ముక్క కలిపానంతే. కమాండు కొట్టాను. పడిపోలేదు. పద్నాలుగు పేజీల జాబితా ప్రింటర్లోంచి జరజరా వచ్చింది. ఆ ఇరవై మూడూ ఎంటర్ రెండుసార్లు నొక్కితే పుట్టిన చెత్త రికార్డులనే అనుకున్నాను. పక్క గడిలోనే పేర్లున్నాయి. నెత్తి మీద చెయ్యేసి ప్రమాణం చేయమంటే చేస్తాను, ఆ పేర్ల వైపు చూడను కూడా చూడలేదు.

"అన్నీ వచ్చాయాండి సార్?" అని అడిగారు టీచరు గారు.

"నిక్షేపంగా వచ్చాయమ్మా," అన్నాను.

సూపరింటెండెంటు గారు జాబితా తీసుకుని సంతకం పెట్టి, కవరులో వేసి సీలు కొట్టేశారు. నాకు ఊరి నుంచి తెచ్చిన మడత కాజా పెట్టారు. అంతటి కాజా తిని, మెప్పులన్నీ మూటగట్టుకుని రాజమండ్రి వచ్చేశాను. సభలో మార్పులేవైనా వస్తే అక్కడికక్కడే చెయ్యాలి, ల్యాప్‌టాప్ పట్టుకుని తప్పకుండా రావాలి అని ఆయన మరీ మరీ చెప్పారు.

సభ పంచాయతీ ఆఫీసు పక్కన షామియానా కింద పెట్టారు. పదకొండు గంటల ఎండ. సముద్రం గాలికి షామియానా గుడ్డ ఎగిరెగిరి పడుతోంది. ఊరంతా వచ్చింది. ఇలాంటి జాబితా ఏదైనా ఊళ్ళో అందరి ముందూ చదవాలి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే అక్కడే చెప్పాలి. ఎవరూ ఏమీ అనకపోతే తీర్మానం మీద సంతకాలవుతాయి. సంతకాలయ్యాయంటే జాబితా మూసేసినట్టే. ఆ తర్వాత పేరెక్కించుకోవాలంటే చెప్పులరిగేలా తిరగాలి, తిరిగినా అయ్యే పని కాదని అందరికీ తెలుసు.

సూపరింటెండెంటు గారు మైకు పట్టుకుని చదువుతుంటే ఎవరి పేరు వస్తే వాళ్ళు, "ఆయ్, ఉన్నామండి," అని పలుకుతున్నారు. కొందరు లేచి దణ్ణం పెడుతున్నారు. ఒకాయన అయితే పేరు వినగానే భార్య వైపు తిరిగి, "చెప్పానా!" అని అరిచాడు. అందరూ నవ్వారు. నేను ముందు వరసలో కుర్చీ వేయించుకుని, ఇదంతా నా ప్రోగ్రాము మహిమే కదా అని మురిసిపోతూ కూర్చున్నాను.

చదవడం అయిపోయింది. "అభ్యంతరాలు ఎవరికైనా ఉన్నాయాండి?" అని అడిగారాయన. ఎవరూ మాట్లాడలేదు.

షామియానా చివర, ఎండలో ఒక గుంపు నిలబడి ఉంది. ఆడవాళ్ళు, మగవాళ్ళు కలిపి ఓ యాభై మంది. వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. తర్వాత చెప్పులు తొడుక్కోవడం మొదలెట్టారు. గొడవా లేదు, ఏడుపూ లేదు. ఇలా పేరు లేకుండా వెనక్కి వెళ్ళడం వాళ్ళకి బాగా అలవాటైపోయినట్టుంది.

అప్పుడొచ్చారు టీచరు గారు నా కుర్చీ దగ్గరికి. చేతిలో ఏ కాగితమూ లేదు.

"సార్, ఇరవై మూడు పేర్లు చదవలేదండి."

నాకు వెంటనే అర్థమైంది. అర్థం కానట్టు మొహం పెట్టాను.

"అవి ఖాళీ రికార్డులు కదమ్మా. వాటివల్లే కదా పడిపోతోంది."

"ఖాళీ కాదండి. పేర్లున్నాయండి, ఫారాలున్నాయండి. ఇళ్ళే లేవండి. ఆ వీధి మొత్తం సముద్రంలో కలిసిపోయిందండి. ఇల్లు లేనివాళ్ళకి డోర్ నంబరు ఎక్కణ్ణుంచి తెచ్చి వెయ్యనండి?"

ఆవిడే మళ్ళీ అన్నారు.

"సున్నా గీత సున్నా అని వేస్తే మీ కమాండు పడిపోదండి. అన్నిటికీ వేసి చూసి, మళ్ళీ తీసేశాను. ఏ గడైనా ఖాళీగా ఉంటే ఏదో ఒకటి వేసెయ్యమని సూపరింటెండెంటు గారు మొదట్నుంచీ అంటారండి. కానీ దొంగ నంబరు వేస్తే పై ఆఫీసులో ఎవరినీ అడక్కుండానే పేరు కొట్టేస్తారండి. ఖాళీగా ఉంచితే పడిపోతుంది. పడిపోతే రాజమండ్రి నుంచి మీరొస్తారు, వచ్చి ఎందుకని అడుగుతారు, అప్పుడు చెబుదామనుకున్నానండి." కాస్త ఆగి, "మీరు అడిగారు గానీ, నేను చెప్పేదాకా ఆగలేదండి," అన్నారు.

ముప్పై ఏళ్ళలో పెద్ద పెద్ద ఆఫీసర్లు నన్ను తిట్టారు. ఒక్క తిట్టూ గుర్తులేదు. ఈ మాట మాత్రం ఇప్పటికీ నిద్ర లేవగానే గుర్తొచ్చే రోజులున్నాయి. చూడండి, నేను రాసిన కమాండు ఎక్కడ పడుతుందో నాకంటే ముందు కనిపెట్టి, పడిపోనివ్వడమే మంచిదని లెక్క వేసుకుని కూర్చున్న మనిషి ఆవిడ. నేను దాన్ని పడిపోకుండా చేసి, ఇరవై మూడు కుటుంబాల్ని చప్పుడు లేకుండా తోసేశాను.

వేదిక మీద తీర్మానం పుస్తకం తెరిచారు.

"మీరు చెప్తారా సార్, నన్ను చెప్పమంటారా?" అన్నారు టీచరు గారు.

నిజం చెప్పనా? ఆవిడే చెబితే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. సిగ్గులేని ఆలోచన. కాంట్రాక్టు మనిషి ఆవిడ, మాట జారితే సాయంత్రానికి ఉద్యోగం ఉండదు. నన్నెవరూ పీకేది లేదు. లేచి వెళ్ళి మైకు తీసుకున్నాను.

"ఈ జాబితాలో తప్పుందండి. తప్పు నాది. ఇరవై మూడు పేర్లు నేను వదిలేశాను. చెప్పులు వేసుకున్నవాళ్ళు దయచేసి వెళ్ళకండి," అన్నాను.

సూపరింటెండెంటు గారి మొహం కందగడ్డయింది. నన్నూ, టీచరు గారినీ పంచాయతీ గదిలోకి తీసుకెళ్ళి తలుపేశారు.

"ముందే చెప్పాలా వద్దా అమ్మా? ఊరందరి ముందూ నా పరువు తీస్తారా! రేపట్నుంచి మీరు రానక్కర్లేదు."

"అలాగేనండి," అన్నారు టీచరు గారు. "ఇవాళ్టి పని పూర్తి చేసి వెళ్తానండి."

ఆవిడ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని నావైపు చూశారు. ఆయన దగ్గర ఇంక తిట్టడానికి ఏమీ మిగల్లేదు. తలుపు తీసి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

ల్యాప్‌టాప్ నా వైపు తిప్పుకుని, ఖాళీవి పక్కన పెట్టమన్న ముక్క తీసేసి మళ్ళీ కమాండు కొట్టాను. పడిపోయింది. గడి ఖాళీ అయితే గీత వెతక్కుండా పేరు మాత్రం తీసుకోమని రాసి కొట్టాను. పడిపోయింది. కిటికీ చువ్వలకి వేలాడుతూ జనం చూస్తున్నారు. మూడోసారీ పడిపోయింది. కిటికీలోంచి ఎవరో, "పాపం, ఇదీ మునిగిపోయిందా?" అన్నారు. తర్వాత ఇంట్లో చల్లగా కూర్చుని ఆలోచిస్తే అది రెండు నిమిషాల పని. ఆ పూట మాత్రం చెమటలు పట్టి బుర్ర పనిచేయడం మానేసింది.

"డోర్ నంబరు వరసే ఎందుకండి సార్?" అన్నారు టీచరు గారు. "వీళ్ళ ఇళ్ళు ఏ వరసలో ఉండేవో ఆ వరసే పెట్టుకోవచ్చు కదండి. మామ్మని అడిగితే చెప్తుంది."

అది నాకు తట్టలేదు. ఎలా తడుతుంది, నా కమాండు మీద నాకున్న మమకారం అలాంటిది! వెంటనే 'వరస' అని కొత్త గడి ఒకటి పెట్టాను. ఎందుకైనా మంచిదని దశాంశాలు కూడా పట్టేలా పెట్టాను.

మామ్మ అంటే ఆ వీధిలో అందరికంటే పెద్దది. ఆమెని గుమ్మం దగ్గర కూర్చోబెట్టారు. సముద్రం వైపు చెయ్యి చాపి, ఎదురుగా ఇళ్ళు కనబడుతున్నంత ధీమాగా మొదలెట్టింది.

"పడవలు లాగే రేవు దగ్గర్నుంచి రా అమ్మా. మొదటిది మా మరిదిది. దాని పక్కన వలలల్లే ఆయనది. తర్వాత సందు. సందు రాసుకున్నావా?"

"సందు రాయక్కర్లేదు మామ్మా."

"రాయకపోతే ఎలాగే? సందు లేకపోతే అవతలాళ్ళు ఎలా నడిచేవారు?"

సూపరింటెండెంటు గారికి కూడా నవ్వొచ్చింది. "రాయండమ్మా, సందు కూడా రాయండి," అన్నారు. ఆయన మాటలో కోపం అప్పటికి దిగిపోయింది. మర్నాడు పొద్దున ఎనిమిదింటికే టీచరు గారికి తనే ఫోను చేసి, "బస్సు ఎక్కారా అమ్మా?" అని అడిగారని తర్వాత తెలిసింది. ఆయన చెడ్డమనిషేం కాదు. తొందరలో ఉన్న మనిషి, నాలాగే.

మామ్మ చెబుతుంటే టీచరు గారు ఒక్కొక్క పేరు పక్కన ఒకటి, రెండు, మూడు అని వేసుకుంటూ వెళ్ళారు. ఎవరి అరుగు మీద మధ్యాహ్నం ఎవరు పడుకునేవారో, ఎవరి గోడ ఏ తుఫానులో పడిందో కూడా మామ్మ చెబుతూనే ఉంది. కిటికీ అవతల జనం, "ఆ, అంతే అంతే," అంటున్నారు. ఇరవై మూడూ అయ్యాయి. కొత్త వరసలో కమాండు కొట్టాను. పడిపోలేదు.

"ఇరవై నాలుగుండాలే," అంది మామ్మ, వేళ్ళు లెక్కబెట్టుకుంటూ.

"ఇరవై మూడే మామ్మా. ఫారాలు అన్నే ఉన్నాయి," అన్నారు టీచరు గారు.

"కిరాణా కొట్టు తర్వాత ఒకటుండాలి. కొట్టువాడిది చెప్పాను, కొట్టు అవతల పెంకుటిల్లు..." అని ఆగిపోయి, మామ్మ టీచరు గారి మొహంలోకి చూసింది. "మీ అమ్మదే! మీ అమ్మ ఇల్లు ఏదే?"

రామచంద్రపురం ఆవిడ అత్తవారి ఊరని, పుట్టింది ఈ వీధిలోనని మాకు అప్పుడే తెలిసింది. నాకే కాదు, రోజూ ఎదురుగా కూర్చునే సూపరింటెండెంటు గారికి కూడా.

"అది వదిలెయ్యి మామ్మా," అన్నారు టీచరు గారు మెల్లిగా. "అమ్మ నా దగ్గరే ఉంటోందిగా. జాబితా టైపు చేసేది నేను. నా చేత్తో నేనే మా అమ్మ పేరు ఎక్కించుకుంటే బాగోదు. రేపు ఈ ఇరవై మూడు పేర్ల మీదా అనుమానం వస్తుంది."

"నీ దగ్గరుంటే? ఆవిడ ఇల్లు ములగలేదా? మా అందరి ఇళ్ళూ ఉప్పునీళ్ళలో, ఆవిడ ఇల్లు తీపినీళ్ళలో ములిగిందా?"

సూపరింటెండెంటు గారు లేచి అలమరలోంచి ఖాళీ సర్వే ఫారం ఒకటి తీశారు. కిటికీలోంచి ఇద్దరు పెద్దమనుషుల్ని పిలిచి సాక్షి సంతకాలు పెట్టించారు. వేలిముద్ర అమ్మగారొచ్చి వేస్తారు, పేరు మాత్రం ఇప్పుడే ఎక్కాలి అన్నారు.

"మీరు లేవండి టీచరు గారూ," అన్నాను.

ఆవిడ లేవలేదు. "వద్దండి సార్," అన్నారు.

"మీ చేత్తో మీరు ఎక్కించుకోవద్దు. నేను ఎక్కిస్తాను. లేవండి."

అప్పుడు లేచారు. సర్వీసు మొత్తంలో ఎన్నో ప్రోగ్రాములు రాశాను గానీ, ఒక మనిషి పేరు నా చేత్తో టైపు చేసి రికార్డు ఎక్కించింది అదొక్కసారే. ఆవిడ తల్లి పేరు చెప్పారు, కొట్టాను. డోర్ నంబరు దగ్గర ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కాను. వరస దగ్గర ఆగాను. కొట్టువాడిది పదహారు, తర్వాతిది పదిహేడు. పదహారున్నర అని కొట్టాను.

ఆ ఇరవై నాలుగు కుటుంబాలకీ కాస్త ఆలస్యమైనా స్థలాలు వచ్చాయి. మామ్మ పట్టుబట్టి అదే వరసలో ఇప్పించిందని విన్నాను. సందుకి మాత్రం ఎవరూ పట్టా ఇవ్వలేదట, దానికి చాన్నాళ్ళు సణిగిందట.

ఆ రోజు మేం మళ్ళీ షామియానా కిందికి వచ్చేసరికి ఎండ నడినెత్తి దాటింది. ఒక్కరూ కదల్లేదు. పేర్లు వచ్చేసినవాళ్ళు కూడా అలాగే కూర్చున్నారు. సూపరింటెండెంటు గారు కొత్త కాగితం పట్టుకుని, ఈసారి ప్రతి పేరుకీ గారు తగిలించి చదవడం మొదలెట్టారు. మామ్మ మరిది, "ఆయ్, ఉన్నామండి," అన్నాడు. వలలల్లే ఆయన, "ఉన్నామండి," అన్నాడు. చెప్పులు వేసుకున్న గుంపులోంచి ఒక్కొక్కళ్ళే ముందుకొచ్చి, ఎవరి పక్కన ఎవరి ఇల్లుండేదో వాళ్ళ పక్కనే వరసగా నిలబడుతున్నారు. వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. కొట్టువాడు పలికాడు. ఆ తర్వాతి పేరు చదివారాయన.

ఎవరూ పలకలేదు. ఆవిడ రామచంద్రపురంలో, కూతురింట్లో ఉంది. కొట్టువాడు కాస్త జరిగి పక్కన చోటొదిలాడు. సూపరింటెండెంటు గారు మైకు దించకుండా ఆ పేరు ఇంకోసారి చదివారు.

నా పక్కన నిలబడ్డ టీచరు గారు చీర కొంగుతో మొహం తుడుచుకున్నారు. జనం మధ్యలోంచి నడుచుకుంటూ వెళ్ళి, కొట్టువాడి పక్కన ఆ చోట్లో నిలబడ్డారు.

"ఆయ్," అన్నారు. "ఉన్నామండి."